పెట్టెలో పట్టని గొంతు

(చదువవలసిన వాక్యభాగములు: లూకా సువార్త 19:37–40, కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 14:6–12)

కొన్ని నెలలుగా ఒక ప్రశ్న నన్ను విడువకున్నది. ప్రాణములేని వస్తువు దేవుని స్తుతింపగలదా? రాతిని చెక్కి, ఇనుమును వంచి, తీగను చుట్టి, మనుష్యుడు వాటినుండి పాట పుట్టించినయెడల ఆ పాట ఎవరిది? ఇది పట్టణములోని పండితుల ప్రశ్న, నాట్లు వేసి కలుపు తీసి బ్రదుకువారికి దీనితో పనియేమి అని పుట త్రిప్పివేయకుము. మన గుడిలో మైకుసెట్టు ఉన్నంతవరకు ఇది మన ప్రశ్నయే. నా మట్టుకు నాకు ఇది కళనుగూర్చిన ప్రశ్నగా వచ్చి, నా తప్పునుగూర్చిన ప్రశ్నగా మిగిలినది. అది ఎట్లో చెప్పెదను.

మాది ఎల్లంతకుంట ప్రాంతములోని చిన్న పల్లె సంఘము. మాలో పెరిగిన ఒక యువకుడు హైదరాబాదులో చిత్రలేఖనము, శిల్పము చదువుకొనుచున్నాడు. క్రిస్మసు సెలవులకు వచ్చినప్పుడు అతడు మా అరుగుమీద నా ప్రక్కన కూర్చుండి, తన ఫోనులో ఒక దృశ్యము చూపెను. అది పెద్ద గది. అందులో పాడువారెవరును లేరు. మనిషి తలయెత్తున ఇనుప కాళ్లమీద నలుబది నల్లని లౌడు స్పీకర్లు కోడిగ్రుడ్డు ఆకారమున చుట్టు నిలిచియున్నవి. వాటినుండి ఒక గొప్ప కీర్తన వెలువడుచున్నది. వినవచ్చినవారు కొందరు నడుమ కూర్చుండిరి. కొందరు ఒక్కొక్క స్పీకరునొద్దకు నడచి చెవి యొగ్గుచుండిరి. ఒకామె కన్నులు తుడుచుకొనుచుండెను.

“అయ్యగారూ, మా సార్లు దీన్ని శిల్పమంటున్నరు. ఇది శిల్పమా, పాటనా, ఆరాధననా?” అని అతడు నన్నడిగెను.

దాని చరిత్రను అతడే చెప్పెను. దానిని 2001వ సంవత్సరమున కెనడా దేశపు కళాకారిణి జానెట్ కార్డిఫ్ చేసినది. ఆ కీర్తన మాత్రము ఆమెది కాదు. ఇంగ్లండు దేశములో సుమారు 1570 ప్రాంతమున తామస్ టాలిస్ అను సంగీతకర్త దానిని కూర్చెను. నలుబది గొంతులు నలుబది దారులలో పాడవలసిన లాటిను కీర్తన అది. ఒక్కొక్క గుంపునకు ఐదేసి గొంతుల చొప్పున ఎనిమిది గుంపులు. ఇశ్రాయేలు దేవునియందే గాని మరెక్కడను తనకు నిరీక్షణ లేదని, బాధలోనున్న మనుష్యుని పాపములను క్షమించువాడు ఆయనేయని ఒప్పుకొనుట దాని భావము. కార్డిఫ్ ఇంగ్లండులోని సాల్స్‌బరీ కతీడ్రలు గాయకబృందముచేత దానిని పాడించి, ఒక్కొక్క స్వరభాగమును వేరువేరు మైకుతో పట్టి, ఒక్కొక్క భాగమును ఒక్కొక్క స్పీకరునకు అప్పగించెను. గది నడుమ నిలిచినవానికి నలుబది గొంతులును ఒకే సముద్రమువలె వినబడును. ఒక స్పీకరునొద్దకు పోయి నిలిచినవానికి ఒకడు ఊపిరి తీసికొనుట, ఒక మాటమీద కొంచెము తడబడుట వినబడును. అంతయు పదునాలుగు నిమిషములు. అందులో పదకొండు నిమిషములు పాట. తక్కిన మూడు నిమిషములు పాటకాండ్రు దగ్గుట, గొంతు సవరించుకొనుట, తమలో తాము మాటలాడుకొనుట. ఆమె వాటిని తీసివేయక అట్లే యుంచెను.

నేను వేదాంత కళాశాలలో చదివినవాడనే గాని ఆ యువకునికి వెంటనే బదులు చెప్పలేకపోతిని. ఎందుకనగా అతడు మరియొక మాట అడిగెను: “సాయంత్రం అందరు ఇంటికి పోయినంక, గది తలుపు మూసినంక, ఆ నలభై డబ్బాలు పాడుతనే ఉంటే, అప్పుడది స్తుతియేనా?”

ఈ ప్రశ్నకు లేఖనములు ఏమి చెప్పునో మొదట చూతము. లేఖనములు వాద్యమును, చేతిపనిని చిన్నచూపు చూడవు. ఆదికాండము నాలుగవ అధ్యాయమునకే యూబాలు వచ్చి సితారాను, సానికను చేతబట్టును. నిర్గమకాండములో దేవుడు బెసలేలును పేరుపెట్టి పిలిచి, బంగారు వెండి యిత్తడి పనులు చేయుటకు అతనిని తన ఆత్మతో నింపెను. ప్రధానయాజకుని నిలువుటంగీ అంచున నూలుతో చేసిన దానిమ్మపండ్లను, వాటి నడుమ బంగారు గజ్జెలను వ్రేలాడదీయుమని ఆజ్ఞ యిచ్చెను. అహరోను పరిశుద్ధస్థలములో ప్రవేశించునప్పుడు ఆ గజ్జెల ధ్వని వినబడవలెను. ఒకే వస్త్రములో శిల్పమును ధ్వనియు కలిపి కుట్టించినవాడు దేవుడే గదా. కాబట్టి అటువంటి పని స్వతహాగా చెడ్డదని మనము చెప్పరాదు.

అయినను అదే గ్రంథములో హబక్కూకు ప్రవక్త మూగరాతిని లేవుమని పిలుచువానికి శ్రమ కలుగునని చెప్పుచున్నాడు. నూట పదునైదవ కీర్తన నోరుండియు పలుకని ప్రతిమలను ఎత్తిచూపుచున్నది. బంగారము రెండు చోట్లను ఒక్కటే, మనుష్యుని చెయ్యియు రెండు చోట్లను ఒక్కటే. భేదమెక్కడ? అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘమునకు వ్రాయుచు పిల్లనగ్రోవిని, వీణను ఉదాహరణముగా తెచ్చెను. అవి ప్రాణములేనివైనను, వాటి స్వరములలో భేదము తెలియనియెడల వినువానికి ఏమి తెలియునని అతడు అడుగుచున్నాడు. ఆ వాద్యము కఱ్ఱతో చేయబడెనా ఎముకతో చేయబడెనా అని అతడు విచారింపలేదు. ప్రక్కవానికి క్షేమాభివృద్ధి కలుగుచున్నదా అన్నదే అతని విచారము. ఈ మాటను మనస్సున ఉంచుకొని నాతో కొంచెము దూరము ప్రయాణము చేయుము.

శిల్పమునుండి స్వరము పుట్టించుట కెనడాలో మొదలుకాలేదు. మన తెలంగాణములోనే, ములుగు జిల్లా పాలంపేటలోనున్న రామప్పగుడి 1213వ సంవత్సరమున కట్టబడినది. కాకతీయ గణపతిదేవుని సేనాపతియైన రేచర్ల రుద్రుడు దానిని కట్టించెను. 2021లో యునెస్కోవారు దానిని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించిరి. కొన్ని సంవత్సరముల క్రిందట మా యౌవనస్థులతో కలిసి దానిని చూడబోతిని. ద్వారముప్రక్కన నల్లరాతిలో పిల్లనగ్రోవి పట్టిన మూర్తి యొకటి కలదు. ఆ రాతిని వ్రేలితో మెల్లగా తట్టినచో చోటుకొక స్వరము వినవచ్చునని అక్కడివారు చూపుదురు. అది నా ఆరాధనాస్థలము కాదు. అయినను రాతిలో ఎంత మందము విడువవలెనో, ఎంత తీసివేయవలెనో తెలిసిన ఆ శిల్పి చేతికి నేను లోలోపల నమస్కరించితిని. బెసలేలుకు నేర్పు నిచ్చినవాడే ఆ చేతికిని నేర్పు నిచ్చియుండవలెను.

అక్కడ నేను గమనించిన సంగతి యొకటి. రాతి పిల్లనగ్రోవి తనంతట తాను ఊదదు. వ్రేలు తగిలిన లవమాత్రమే పలుకును, వ్రేలు తీసినంతనే మూగపోవును. రాయి పాడలేదు, రాయి బదులిచ్చినది. హంపీలో విఠ్ఠలాలయపు స్తంభములును ఇట్లే పలుకునని పేరుపొందినవి. వచ్చినవారందరు తట్టి తట్టి అవి చెడిపోవునని యిప్పుడు ఎవరిని తట్టనియ్యరు. తట్టుటయందే సంతోషముగలవారు వినుటకు ఓపిక చాలక, తుదకు పలుకు రాతినికూడ మూగరాతిగా చేయుదురు.

ఇప్పుడు మరికొంత దగ్గరకు, మన వాడకు రమ్ము. మన తాతలు చేసిన డప్పును జ్ఞాపకము చేసికొనుము. కఱ్ఱను వంచి చట్రము కట్టుట, తోలు పదునుచేసి బిగించుట, వాయించుటకు ముందు మంటకు కాచి శ్రుతి రప్పించుట, ఒక చేత సిర్ర, ఒక చేత సిటికెన పుల్ల పట్టుట—ఇవన్నియు ఎంత నేర్పుగల పనులు! శిల్పమును ధ్వనియు ఒక్కచోట కూడిన కళ మన యింటి గోడకే వ్రేలాడుచుండెను. కాని ఆ కళతోకూడ కూడివచ్చిన దుఃఖము నీవెరుగుదువు. ఊరిలో చాటింపు జరుగవలెనన్నను, జాతర జరుగవలెనన్నను, శవము లేవవలెనన్నను డప్పు మ్రోగవలెను. డప్పు మ్రోత ఊరందరికి వినబడెను. డప్పు పట్టినవాని మాట మాత్రము ఎవరికిని వినబడలేదు. అతడు గట్టిగా మ్రోగించినకొలది ఊరు అతని చేతిని చూచెనేగాని ముఖమును చూడలేదు. అందుచేతనే కొన్ని సంఘములలో మన పెద్దలు ఆ డప్పును చాలకాలము గుడిలోనికి రానియ్యలేదు. తోలుమీద వారికి కోపము లేదు. వాద్యము పెద్దగా మ్రోగుచుండగా మనిషి మూగగా నిలిచిన దినములను వారు మరువలేకపోయిరి. నేడు డప్పు అనేక సంఘములలో తలయెత్తుకొని మ్రోగుచున్నది. అది మంచిదే. దానిని పట్టినవాని మాటకూడ మనము వినుచున్నామా అన్నది మిగిలిన ప్రశ్న.

ప్రియ చదువరీ, ఇతరులను గూర్చి చెప్పుట సులువు. ఇక నన్నుగూర్చి చెప్పవలెను.

కొన్ని సంవత్సరముల క్రిందట మా సంఘమువారు ఒక సంవత్సరము చందాలెత్తి రెండు పెద్ద సౌండ్ బాక్సులు, ఒక ఆంప్లిఫయరు, మిక్సరు, కీబోర్డు, నాలుగు మైకులు కొనిరి. ప్రక్క ఊరి సంఘమునకు అవి యుండగా మాకు లేవను చిన్నతనము మాలో నుండెను. నాలోనే ఎక్కువగా నుండెనని ఒప్పుకొనుచున్నాను. అవి వచ్చిన ఆదివారము మా పాట చెరువుకట్టవరకు వినబడెనని విని నేను ఉప్పొంగితిని.

మా సంఘములో ఒక వృద్ధమాత కలదు. అక్షరము రాదు. పత్తి ఏరుచు, కలుపు తీయుచు చెవితో నేర్చుకొన్న కీర్తనలు ఆమెకు ఎన్నియో వచ్చును. అందరికంటె అరతాళము వెనుక పాడును. చివరి అక్షరమును సాగదీయును. ఆమె ఎప్పుడును ముందు చాపమీద కూర్చుండును. ఇప్పుడు ఆమె ముందర మైకు నిలిచెను. ఆమె గొంతు దానిలో పడినప్పుడెల్ల బాక్సు కీచుమనెను. కీబోర్డు వాయించు పిల్లవాడు శ్రుతి కలియుట లేదని నాతో రెండు మూడు సారులు చెప్పెను. ఒక ఆదివారము ఆరాధనకు ముందు నేను ఆమెనొద్దకు పోయి, నవ్వుచు, “అమ్మా, నీ గొంతు పెద్దది, ఈ పెట్టెలో పట్టదు, కొంచెము వెనుకకు కూర్చుండుము” అంటిని. మృదువుగానే చెప్పితినని నేననుకొంటిని. ఆమె తన చెంగు సవరించుకొని లేచి వెనుక గోడకు పోయి కూర్చుండెను. నేను ఆ సంగతి మరచిపోతిని.

తరువాత ఏమి జరిగెనో నేను గమనింపనే లేదు. ఇద్దరు ముగ్గురు పిల్లలు మైకు పట్టి పాడుచుండిరి. తక్కిన సంఘము పెదవులు కదల్చుచుండెను. కొంతకాలమునకు పెదవులుకూడ కదలలేదు. శబ్దము నిండుగా నున్నందున లోపలి ఖాళీ నాకు తెలియలేదు.

వానకాలములో ఒక ఆదివారము కరెంటు పోయెను. నేను కీర్తన సంఖ్య చెప్పితిని. ఎవరును ఎత్తుకొనలేదు. పిల్లలు కీబోర్డు పిల్లవానివైపు చూచిరి, అతడు బుగ్గివైపు చూచెను. పెద్దలు నావైపు చూచిరి. నా గొంతు నాకు క్రొత్తగా తోచి నేనును ఎత్తుకొనలేకపోతిని. బయట రేకుమీద వాన చప్పుడు తప్ప మరేమియు లేదు. అప్పుడు నేను వెనుక గోడవైపు చూచి, “అమ్మా, నీవు ఎత్తుకొనుము” అంటిని.

ఆమె తల యెత్తకయే, “అయ్యగారూ, నా గొంతు పెట్టెల పట్టదని మీరే అంటిరి గద” అనెను.

ఆ మాటలో కోపము లేదు. కోపముండిన నాకు సులువుగా నుండెడిది. ఆ దినము మేము పాట లేకయే ప్రార్థన చేసి, వాక్యము చదివి యిండ్లకు పోతిమి. మరునాటి సాయంకాలము నేను ఆమె యింటికి పోతిని. ఆమె వాకిట కూర్చుండి చేటలో బియ్యము చెరుగుచుండెను. నేను చెప్పవలసిన మాట చెప్పితిని. ఆమె చెరుగుట ఆపలేదు. “కూసోండ్రి అయ్యగారూ, చాయ్ తాగి పోండ్రి” అని మాత్రము అనెను. క్షమించితినని ఆమె నోటితో అనలేదు, నేనును అడిగించుకొనలేదు.

ఆ రాత్రి నాకు ఆ నలుబది స్పీకర్లు జ్ఞాపకము వచ్చినవి. వాటిని చేసినయామెచేతను పెట్టెలే యున్నవి, మాచేతను పెట్టెలే యున్నవి. ఆమె నలుబది గొంతులను వేరుచేసి, వినువాడు ఒక్కొక్క గొంతునొద్దకు నడచిపోవునట్లు చేసెను. నేను ఒక సంఘపు గొంతులన్నిటిని రెండు పెట్టెలలో పోసి, పట్టని గొంతును వెనుక గోడకు పంపితిని. ఆమె దగ్గును తడబాటునుకూడ తీసివేయలేదు. నేను అరతాళము తేడాను ఓర్వలేకపోతిని. సంఘకాపరిని నేను, కళాకారిణి ఆమె! కాపరి పని ఆమెయే చేసినది.

తరువాత ఆంప్లిఫయరులో ఏదో చెడిపోయి బాగుచేయించుటకు సిరిసిల్ల పోతిని. మైకుసెట్లు బాగుచేయు ఆ మనిషి పని చేయుచు నాకొక సంగతి చూపెను. మనము గుడిలో వాడు మైకును విప్పినచో లోపల పలుచని పొర, దానికంటిన తీగచుట్ట, ఒక అయస్కాంతము ఉండును. స్పీకరును విప్పినచో లోపల కాగితపు గరాటు, దానికంటిన తీగచుట్ట, ఒక అయస్కాంతము ఉండును. రెండును ఒక్కటే! గాలి పొరను కదిల్చి, పొర తీగచుట్టను కదిల్చి, అందుండి సన్నని విద్యుత్తు పుట్టినచో అది చెవి. విద్యుత్తు తీగచుట్టను కదిల్చి, తీగచుట్ట గరాటును కదిల్చి, గాలిలో ధ్వని పుట్టినచో అది నోరు. త్రోవ తిరుగబడుటయే భేదము. ఆయన ఒక చిన్న స్పీకరు తీగలను మైకు రంధ్రమునకు కలిపి దానిలో మాటలాడెను. సన్నగానైనను ఆ మాట పెద్ద బాక్సులోనుండి వచ్చెను. నోరు చెవిగా మారెను.

ఈ సంగతి ఆ యువకునికి చెప్పగా అతడు మరియొక కళాఖండమును నాకు తెలిపెను. ముంబయికి చెందిన శిల్పా గుప్తా అను కళాకారిణి 2018వ సంవత్సరము డిసెంబరులో మొదలైన కొచ్చి ప్రదర్శనలో ఒక చీకటి గదిని ఏర్పరచెను. అందులో నూరు ఇనుప చువ్వలు నిలిచియుండెను. ప్రతి చువ్వకును ఒక కాగితము గ్రుచ్చబడియుండెను. ఆ కాగితముమీద తన వ్రాతనుబట్టియో తన నమ్మికనుబట్టియో చెరసాల పాలైన ఒక కవి మాటలు. ప్రతి చువ్వ మీదను ఒక మైకు వ్రేలాడుచుండెను. కాని ఆ మైకులు వినుట లేదు, పలుకుచున్నవి. ఒక మైకు ఒక కవి మాట పలుకగా తక్కినవి దానినందుకొని పలుకును. మాటలాడనియ్యబడనివారి నోటియెదుట వినుటకు నిలువవలసిన వస్తువే, ఇప్పుడు వారికి నోరైనది.

అక్కడ చెవి నోరుగా మారుట నోరులేనివారి మేలుకొరకు జరిగినది. నా సంగతి వేరు. దేవుడు నన్ను ఈ పల్లెలో మొదట చెవిగా పెట్టెను. అప్పు బాధ చెప్పుకొనువాడు, గల్ఫుకు పోయిన కొడుకు ఉత్తరము రాలేదని యేడ్చు తల్లి, త్రాగుడు మానలేకున్న తండ్రి—వీరిని వినుటకు నన్ను పిలిచెను. ఏండ్లు గడచినకొలది నేను నోరుగా మారితిని, ఎవరి మేలుకొరకును కాదు. చేతికి మైకు వచ్చిన తరువాత నోరు తప్ప మరేమియు లేకపోతిని. యాకోబు తన పత్రికలో వినుటకు త్వరపడవలెనని, మాటలాడుటకు నిదానింపవలెనని వ్రాసిన మాటను నేను ఎన్నిసారులు ప్రసంగించియుందునో! పెద్ద గొంతుతోనే ప్రసంగించితిని.

వేసవిలో ఆ యువకుడు మరల వచ్చినప్పుడు నేను అతనికి నా బదులు చెప్పితిని. యేసుప్రభువు యెరూషలేమునకు దిగివచ్చుచుండగా శిష్యులు బిగ్గరగా స్తుతించిరి. వారిని గద్దించుమని పరిసయ్యులు అడిగిరి. వీరు ఊరకుండినయెడల రాళ్లు కేకలు వేయునని ఆయన చెప్పెను. ఈ మాటను మనము రాళ్లకు గొప్ప ఘనతగా ఎంచి సంతోషింతుము. అది రాళ్లకు ఘనత కావచ్చును, మనుష్యులకు మాత్రము గద్దింపు. మనుష్యుడు తన పని మానినప్పుడే రాయి ఆ పనికి పూనుకొనవలసివచ్చును. మా గుడిలో రెండు పెట్టెలు అంత గట్టిగా కేకలు వేయుచుండెననగా మేమందరము ఊరకుంటిమని అర్థము.

“అయితే ఆ నలభై స్పీకర్లు పనికిరానియేనా? వాటి కాడ నిలబడి ఏడ్చినామె ప్రార్థన అబద్ధమా?” అని అతడు అడిగెను. మంచి ప్రశ్న. యొర్దాను దాటినప్పుడు యెహోషువ నదిలోనుండి పన్నెండు రాళ్లు ఎత్తించి గిల్గాలులో నిలువబెట్టించెను. ఆ రాళ్లు స్తుతింపవు. అయితే రాబోవు దినములలో పిల్లలు ఈ రాళ్లేమిటని అడుగుదురు, అప్పుడు తండ్రులు నోరు తెరచి దేవుని క్రియలను చెప్పవలెను. అందుకే అవి అక్కడ నిలిచినవి. ఆ నలుబది పెట్టెలు అటువంటి రాళ్లని నా తలంపు. తలుపు మూసిన గదిలో అవి పాడుచున్నప్పుడు స్తుతించువారెవరును లేరు. ఒకప్పుడు ఊపిరి తీసి పాడినవారి స్తుతికి అవి సాక్షులు. ఒకామె వచ్చి ఒక పెట్టెయెదుట నిలిచి, ఒక అపరిచితుని ఊపిరి విని, తన హృదయమును దేవునివైపు ఎత్తినప్పుడు అక్కడ మరల స్తుతి పుట్టును. అది పెట్టెది కాదు, ఆమెది. నీవు నా అరుగుమీద కూర్చుండి ఇదేమిటని అడిగితివి గదా, ఆ కళ తన పని అప్పుడే చేసినది అని అతనితో చెప్పితిని. అతడు సగము ఒప్పుకొనెను. వస్తువుకును మనిషికిని నడుమ గీత అంత తిన్నగా నుండదని అతని వాదము. మా చర్చ ఇంకను ముగియలేదు.

సిరిసిల్లలో మరమగ్గమును సాంచా అందురు. ఆ షెడ్డులోనికి పోయినప్పుడు ప్రక్కవాని మాట మనకు వినబడదు. అయినను అనుభవముగల పనివాడు అంత రొదలో తన సాంచాలలో ఒక్కదాని చప్పుడు మారినచో తల త్రిప్పి అటు నడచును. అతనికి అది రొద కాదు. ప్రతి సాంచాయు వేరుగా వినబడును. మన రొదనంతటిని వినుచున్న దేవుడును అట్లే యున్నాడని నేను నమ్ముచున్నాను. మనము ఎన్ని వాట్ల బాక్సు పెట్టినను ఆయన చెవికి ఒక కొంత దగ్గరకు రాము. వెనుక గోడనొద్ద ఒక గొంతు ఆగిపోయినప్పుడు ఆయన తల అటు త్రిప్పును. నేను త్రిప్పలేదు.

మేము బాక్సులను అమ్మివేయలేదు. చెవి మందగించిన వృద్ధులకు వాక్యము వినబడుటకు అవి మేలు చేయుచున్నవి. కీబోర్డు పిల్లవాడు మంచి పిల్లవాడు, దేవుడు అతనికి నిజముగా వరమిచ్చెను. ఇప్పుడు మొదటి కీర్తన మాత్రము బటను నొక్కకయే పాడుచున్నాము. ఆ విధముగా పాడిన మొదటి ఆదివారము ఆ తల్లి ముందు చాపకు రాలేదు, వెనుక గోడనొద్దనే యుండెను. మొదటి చరణము పాడలేదు. రెండవ చరణములో అరతాళము వెనుకగా ఆమె గొంతు నాకు వినబడెను. చివరి అక్షరము సాగుచుండగా తక్కినవారు ఆమెకొరకు ఆగిరి.

ప్రియ చదువరీ, నీ సంఘములోకూడ ఒక పెట్టె యుండవచ్చును. పెట్టె లేకపోయినను ఒక గట్టి గొంతు ఉండవచ్చును. అది నీదే కావచ్చును. ఈ ఆదివారము ఒక్క కీర్తన దానిని ఆపి, నీ కుడిప్రక్కను ఎడమప్రక్కను ఎవరు పాడుచున్నారో వినుము. ఎవరు పాడుట లేదో మరింత శ్రద్ధగా వినుము. వారి యిల్లు ఎక్కడనో నీకు తెలిసియుండును. సోమవారము సాయంకాలము అక్కడికి పొమ్ము.

ప్రభువా, మా చేతులకు నేర్పు నిచ్చినవాడా, మేము చేసిన వస్తువులు మా సహోదరుల గొంతును మ్రింగకుండునట్లు కావుము. నోరుగా మారిన మమ్మును మరల చెవిగా మార్చుము. ఆమేన్.